మగ్గం మీద రెండో చోటు

ఉప్పాడ నేత వీధిలో కోపిష్టి ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా అప్పాజీ ఇల్లు చూపించేవారు. నిజానికి ఆయన కోపం మనుషుల మీద కాదు, దారాల మీద. ఒక్క పోగు పక్కకి జరిగితే చాలు, ముక్కు మీదికి వచ్చేసేది. ఆ పోగు వేసిన మనిషి పక్కనే కూర్చుని ఉండడం, ఆ మనిషి కట్టుకున్న పెళ్ళాం కావడం ఆ కాపురం చేసుకున్న పాపం.

జాందానీ చీర ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మగ్గం కింద తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. చీర వెడల్పులో సగం పువ్వులు ఒకరివి, సగం పువ్వులు రెండో వాళ్ళవి. ఒక్కో పువ్వుకీ ఒక్కో దారం, అన్నీ చేత్తో దూర్చాల్సిందే. ఒకరు అడ్డదారం చుట్టిన నాడె విసిరితే రెండో వాళ్ళు అందుకోవాలి. అప్పాజీ, మాణిక్యాంబ అలా ఎనిమిదేళ్ళు మోచేయి మోచేయి తగులుతూ కూర్చున్నారు. కలెక్టరూ కలెక్టరు భార్యా కూడా అంతసేపు ఒకచోట ఉండి ఉండరు. అంతసేపు ఉండీ వాళ్ళు మాట్లాడుకున్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"ఇప్పు" అనేవాడు అప్పాజీ. అంటే ఆమె కట్టిన పువ్వులో తప్పుంది, విప్పి మళ్ళీ కట్టమని. ఆమె విప్పేది. మళ్ళీ కట్టేది. "ఇప్పు." ఒక్కోసారి ఆమె విప్పేదాకా కూడా ఆగలేక తానే సూది పెట్టి లాగేసేవాడు. చీరల షావుకారు వచ్చి ఎదురుగా కూర్చుని ఉన్నా, వీధిలో ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తున్నా సరే.

తొంభైతొమ్మిది జనవరిలో ఒక మధ్యాహ్నం అలాగే షావుకారు ముందు మూడు పువ్వులు లాగేశాడు. మాణిక్యాంబ కాసేపు ఆ చిక్కుపడ్డ దారాలకేసి చూసింది. తరవాత గుంట అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"నా కాళ్ళు ఇందులోంచి తీసేశాను మావా. ఇంక పెట్టను" అంది.

అప్పాజీ తలెత్తలేదు. సాయంత్రానికి దిగొస్తుందిలే అనుకున్నాడు. ఆమె మాత్రం చేతిసంచీలో రెండు చీరలు పెట్టుకుని పెద్దాపురంలో ఉన్న అన్న గణేష్‌బాబు ఇంటికి బస్సెక్కేసింది. ఒక్కగానొక్క కూతురు వెంకటదుర్గకి అప్పుడు ఏడేళ్ళు, బడిలో ఉంది. కోపంలో బయల్దేరిన మనిషి బడి వదిలేదాకా ఆగలేదు. ఆ తప్పుని ఆమె తరవాత ఎన్నిసార్లు తలుచుకుని ఏడ్చిందో ఆమెకే తెలియాలి.

నాలుగో రోజు అన్నని వెంటబెట్టుకుని పిల్ల కోసం వచ్చింది. గుమ్మంలోకి వచ్చేసరికి తను కూర్చునే చోట పిల్ల కూర్చుని ఉంది. కాళ్ళు గుంటలోకి అందక కింద ఒక చెక్కపెట్టె వేశారు. బడి సంచీ మేకుకి వేళ్ళాడుతోంది.

"రావే దుర్గా, పోదాం" అంది మాణిక్యాంబ.

"నాన్న ఒక్కడే ఉన్నాడు కదమ్మా. ఈ వరస అయ్యాక వత్తాను" అంది పిల్ల.

ఆ వరస రెండేళ్ళయినా అవలేదు.

పిల్లని అప్పాజీ బలవంతంగా కూర్చోబెట్టాడని పెద్దాపురంలో చెప్పుకున్నారు. అది అబద్ధం. భార్య వెళ్ళిన మర్నాడు అటు నాడె విసిరి, లేచి అటు వెళ్ళి అందుకుని, మళ్ళీ ఇటు వచ్చి విసురుతూ ఆయన పడుతున్న అవస్థ చూసి దుర్గే వచ్చి కూర్చుంది. "నేను అందుకోనా నాన్నా?" అంది. మొదట అందుకోవడం, తరవాత దారం దూర్చడం, ఆర్నెల్లు తిరిగేసరికి మావిడి పిందె, ఏడాదికి నెమలి కూడా వచ్చేశాయి.

విచిత్రం ఏమిటంటే, భార్యతో ఎనిమిదేళ్ళలో మాట్లాడనన్ని మాటలు కూతురితో ఒక్క నెలలో మాట్లాడాడు అప్పాజీ. ఆ పిల్ల తప్పు చేస్తే "ఇప్పు" అన్న మాట నోట్లోంచి రాలేదు. తనే మెల్లిగా విప్పి, "ఇదిగో, ఇలా పోవాలమ్మా" అని ఆ చిన్న వేళ్ళు పట్టుకుని దూర్పించేవాడు. తన తండ్రి తనకిచ్చిందీ, తన దగ్గరున్నదీ ఆ విద్య ఒక్కటే. ఉన్నదంతా పెట్టేశాడు. ప్రేమంటే అదేనని ఆయన నమ్మకం. ఇంకో రకంగా ఉంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

బడి మొదట ఒక పూటకి తగ్గింది. తరవాత వారానికి రెండు పూటలు. ఆ తరవాత మేకుకున్న సంచీని ఎలకలు కొరికితే రత్తమ్మ తీసి అటక మీద పడేసింది. రత్తమ్మ అప్పాజీ అక్క, మొగుడు పోయాక తమ్ముడి ఇంట్లోనే వండిపెడుతూ ఉండేది.

విడాకులకి పెద్ద గొడవేమీ జరగలేదు. ఇద్దరూ పెద్దాపురం కోర్టులో ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. ఆర్నెల్లు ఆగండి, మనసు మారుతుందేమో చూసుకోండి అన్నారు కోర్టువారు. ఆర్నెల్ల తరవాత మళ్ళీ పిలిచి అడిగారు. మారలేదన్నారు. ఇద్దరూ ఒకే బెంచీ మీద, మగ్గం దగ్గర కూర్చున్నంత దగ్గరగా కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లేచి వచ్చేశారు. మాణిక్యాంబ అప్పటికే అక్కడ ఒక నర్సింగ్‌హోములో ఆయాగా చేరి, విడిగా గది తీసుకుంది.

మరో రెండు నెలలకి రాజమండ్రి జిల్లా కోర్టు నుంచి నోటీసు వచ్చింది. పిల్లని తనకి అప్పగించమని మాణిక్యాంబ పిటిషన్ వేసింది. ఆ కాగితం చదివించుకున్న రోజు అప్పాజీ అన్నం తినలేదు. చీర పోతే ఇంకో చీర నేసుకోవచ్చు, పెళ్ళాం పోతే నలుగురూ నాలుగు రోజులు అనుకుని ఊరుకుంటారు, పిల్ల పోతే తను బతకలేనని ఆయనకి తెలుసు.

రాజమండ్రిలో ప్లీడరు జ్ఞానప్రకాశం గారు పెద్దమనిషి. కాగితాలన్నీ చూసి, "భయపడకు. అయిదేళ్ళు దాటిన పిల్లకి తండ్రే సంరక్షకుడని చట్టంలోనే ఉంది. పైగా పిల్ల నీ దగ్గరే పెరుగుతోంది. ఆవిడే వదిలేసి వెళ్ళింది. అయితే కోర్టు చివరికి చూసేది ఒకటే, పిల్ల బాగు ఎక్కడుందా అని. జడ్జిగారు ఎలా పెంచుతున్నావని అడుగుతారు. క్లుప్తంగా చెప్పు. అడిగిందానికే చెప్పు" అన్నారు.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు అప్పాజీ.

అలాగేనని వచ్చాడు గాని, మాటల మీద ఆయనకి నమ్మకం లేదు. వాళ్ళ వీధిలో తగువు తీర్చే పద్ధతి వేరు. నేత సరిగ్గా లేదని షావుకారూ, బాగానే ఉందని నేతగాడూ వాదులాడుకుంటే, పెద్దలు ఇద్దరినీ నోరు ముయ్యమనేవారు. చాప వేసి, ఎండ పడేచోట బట్ట పరిచేవారు. ముందు ఇటు చూసి, తరవాత తిరగేసి చూసేవారు. అంతే, తీర్పయిపోయేది. ఎవడు కష్టపడ్డాడో ఎవడు దొంగపని చేశాడో బట్టే చెప్పేసేది. అప్పాజీ తండ్రి అలా రెండుసార్లు నెగ్గాడు, అప్పాజీ మూడుసార్లు. పెంపకం ఎలాంటిదని ఇంత పెద్ద కోర్టు అడుగుతుంటే బట్ట పరచకుండా ఎలా?

అందుకని వాయిదాకి ముందు నలభై రోజులు తండ్రీ కూతుళ్ళు ఒక చీర నేశారు. లేత మొక్కజొన్న రంగు ఒళ్ళు, ఎర్ర పువ్వులు. కొంగు మీద జంట నెమళ్ళు, ఎడమ నెమలి అప్పాజీది, కుడి నెమలి దుర్గది. పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎవరిదో ఆయనే పోల్చలేకపోయాడు. ఆ రోజు వీధంతా తిరిగి చూపించి వచ్చాడు. ఇంత తెలిసిన పిల్లని తండ్రి దగ్గర్నించి తీసేస్తారా ఎవరైనా, అన్నాడు. తియ్యరన్నారు అందరూ. ఆ వీధిలో ఒక్కరికి కూడా ఇంకో ఆలోచన రాలేదు.

చీరని ఉతికిన తువ్వాలులో చుట్టి, పిఠాపురంలో పాసింజరెక్కి, రత్తమ్మనీ దుర్గనీ తీసుకుని కోర్టుకి వెళ్ళాడు. ప్లీడరు గారికి కూడా చెప్పలేదు. చెప్తే చప్పబడిపోతుందనుకున్నాడు.

బోనులో నిలబెట్టి నాలుగు ప్రశ్నలయ్యాక జడ్జిగారు తెలుగులోనే అడిగారు, పిల్లని ఎలా చూసుకుంటున్నారని.

అప్పాజీ తువ్వాలు విప్పాడు. చీర మడత తీసి బోను చెక్క మీద పరిచాడు. జ్ఞానప్రకాశం గారు సగం లేచి ఆగిపోయారు.

"ఇదండి. ఈ కుడి నెమలి మా దుర్గమ్మదండి. తొమ్మిదేళ్ళండి దానికి. తిరగేసి చూడండి బాబూ, ఒక్క పోగు పైకి కనపడితే ఈ పిల్లని నాకివ్వొద్దు."

జడ్జిగారు చీర తెప్పించుకున్నారు. కొంగు చూశారు, వేలితో తడిమారు, తిరగేసి చూశారు. "చాలా బాగుంది" అన్నారు. అప్పాజీ గుండె పొంగిపోయింది.

మాణిక్యాంబ తరఫు ప్లీడరు సత్తిరాజు గారు నెమ్మదైన మనిషి. ఆయనా చీర మెచ్చుకున్నాడు.

"ఎన్నాళ్ళు పట్టింది అప్పాజీగారూ?"

"నలభై రోజులండి."

"పాప కూడా రోజూ కూర్చుందా?"

"ఆయ్. ఒక్కనాడు బద్ధకించలేదండి. జొరం వచ్చిన రోజు కూడా కూర్చుంది."

"రోజుకి ఎంతసేపు?"

"పొద్దున్న చల్దన్నం తిని కూర్చుంటే భోజనాల దాకా అండి. మళ్ళీ దీపాలు పెట్టేదాకా. నాతో సమానంగా కూర్చుంటుందండి."

"మరి బడి?"

అప్పాజీకి ఆ ప్రశ్న ఎందుకడిగారో అర్థం కాలేదు. "బడిలో ఈ పని నేర్పరు కదండి" అన్నాడు.

హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు పిచ్చి మనిషి. సత్తిరాజు గారు ఇంకేమీ అడగలేదు, అడగాల్సిన పని లేదు. జ్ఞానప్రకాశం గారు లేచి, ఇంట్లో మగ్గం మీద కన్నబిడ్డ తండ్రికి సాయం చేయడం చట్టప్రకారం నేరం కాదని చెప్పారు. నేరమని ఎవరూ అనలేదు, మనం చూడాల్సింది పిల్ల మేలు అన్నారు జడ్జిగారు. ఆ తరవాత దుర్గని ఒక్కదాన్నీ లోపలి గదిలోకి పిలిపించి పావుగంట మాట్లాడారు. తల్లినీ తండ్రినీ ఇద్దరినీ రావద్దన్నారు.

తిరుగు ప్రయాణంలో రైలు కిటికీ పక్కన కూర్చోబెట్టి, "ఏం అడిగారమ్మా?" అన్నాడు.

"ఎవరి దగ్గర ఉంటావన్నారు. నీ దగ్గరే అన్నాను."

అప్పాజీ వాళ్ళక్క వైపు తిరిగి గర్వంగా తలాడించాడు. సామర్లకోటలో పిల్లకి ఇష్టమని వేరుశనగ ఉండలు కొన్నాడు.

తీర్పు పదిహేను రోజుల తరవాత వచ్చింది. పిల్లని తల్లికి అప్పగించమన్నారు. బడిలో వెయ్యమన్నారు. తండ్రి నెలకోసారి, రెండో ఆదివారం, పది నుంచి నాలుగింటి దాకా పెద్దాపురంలో చూడొచ్చన్నారు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని జ్ఞానప్రకాశం గారు వరండాలో కూర్చోబెట్టి తెలుగులో చెప్పారు. తల్లి తెచ్చిన బడి హాజరు కాగితం గురించి ఉంది. చీర గురించి ఉంది. చివర్లో పిల్ల మాట ఉంది.

"'నాన్న దగ్గరే ఉంటాను. నేను లేకపోతే మగ్గం ఆగిపోద్ది' అందిట. తొమ్మిదేళ్ళ పిల్ల నోట ఈ మాట రాకూడదు, ఇందులో ఇష్టమెంతో బరువెంతో తేల్చడం కష్టం అని రాశారు."

"చీర తేకుండా ఉండాల్సిందాండి?" అన్నాడు అప్పాజీ.

"ఏమో అప్పాజీ, చెప్పలేను" అన్నారు ఆయన. ఎంతైనా మంచివాడు, అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు.

అప్పగించే రోజు కోర్టు వరండాలో మాణిక్యాంబ ముందుగా పిల్ల చేతులు పట్టుకుని చూసింది. వేళ్ళ కొసల్లో దారం కోసిన గీతలు గట్టిపడి ఉన్నాయి. అవే గీతలు ఆమె వేళ్ళకీ ఉన్నాయి. ఆ చేతుల్ని మొహానికి ఆనించుకుని ఏడ్చేసింది.

"నీ మీద పగతో కాదు మావా" అంది. పగతో అయినా అప్పాజీకి బాగుండేది, తిట్టుకోవడానికి ఒక దారి ఉండేది.

దుర్గ మాత్రం వెళ్తూ వెళ్తూ వెనక్కి పరుగెత్తుకొచ్చింది. "కొత్త చీరలో నా వైపు ఎర్ర పువ్వు సగంలో ఉంది నాన్నా. మర్చిపోకు" అంది.

మర్చిపోలేదు. కూలికి కుర్రాళ్ళు దొరుకుతారన్నారు గాని ఎవరినీ కూర్చోనివ్వలేదు. అటు ఒక పోగు, ఇటు ఒక పోగు, తనే జరుగుతూ నేశాడు. రోజుకి బెత్తెడు కూడా సాగేది కాదు. పిల్ల కాళ్ళ కింద వేసిన చెక్కపెట్టె అలాగే ఉండేది. జరిగినప్పుడల్లా దానికి కాలు తగిలేది. ఆ చోటుకి వచ్చినప్పుడల్లా, ఎనిమిదేళ్ళు ఇక్కడ కూర్చుని "ఇప్పు" అనిపించుకున్న మనిషి కూడా గుర్తొచ్చేది. అక్కడినుంచి చూస్తే తన మొహం ఎలా ఉండేదో అనుకునేవాడు. అప్పుడు నాడె పక్కన పెట్టేసి ఊరికే కూర్చుండిపోయేవాడు.

ఏడాది గడిచాక మళ్ళీ రాజమండ్రి వెళ్ళాడు. పరిస్థితులు మారితే మళ్ళీ పిటిషన్ వేసుకోవచ్చని జ్ఞానప్రకాశం గారు అప్పట్లో అన్న మాట పట్టుకుని వెళ్ళాడు.

"పరిస్థితులంటే ఏంటండి?"

"పిల్లని మళ్ళీ మగ్గం మీద కూర్చోబెట్టవని కోర్టుకి నమ్మకం కలగాలి."

"ఒట్టేసి చెప్తానండి."

"ఒట్లు కాదు. కళ్ళకి కనపడాలి."

కళ్ళకి కనపడడమంటే అప్పాజీకి తెలుసు. ఇంటికి వచ్చి ఆ పూటే మగ్గం విప్పేశాడు. తండ్రి చేతి మగ్గం. కర్రలన్నీ కట్టకట్టి అటకెక్కించాడు. చీర ఎక్కడిదాకా అయితే అక్కడికి కోసేశాడు. రత్తమ్మ నోట్లో కొంగు పెట్టుకుని చూస్తూ నిలబడింది. సముద్రపొడ్డు నుంచి బస్తాలతో ఇసక మోసుకొచ్చి గుంట పూడ్చేశాడు. పైన మట్టి మెత్తి, చదును చేసి అలికించాడు. మర్నాటి నుంచి రెండు వీధులవతల వెంకన్న ఇంట్లో మగ్గం మీద రెండో మనిషిగా కూర్చున్నాడు. వెంకన్న తనకంటే పదేళ్ళు చిన్న. తప్పొస్తే "ఇప్పండి బాబాయ్" అనేవాడు. అప్పాజీ మారు మాట్లాడకుండా విప్పేవాడు.

రెండో ఆదివారం వచ్చింది. కొత్త పిటిషన్ కాగితాలు సంచీలో పెట్టుకుని పెద్దాపురం వెళ్ళాడు. ఆ నెల ఆయన నడకే వేరుగా ఉంది. పిల్లని తీసుకెళ్ళడానికి వాళ్ళింటికి వెళ్తే గణేష్‌బాబు కూడా గుమ్మంలోంచి చూసి, "ఏంటి బావా, కులాసాగా ఉన్నావ్" అన్నాడు.

దుర్గకి పదేళ్ళు నిండాయి. కొత్త యూనిఫాం కొన్నారట, చూపించింది. ఎక్కాలు పదహారు దాకా అప్పజెప్పింది. వేళ్ళ కొసలు మెత్తబడ్డాయి, చూపుడు వేలికి సిరా అంటుకుని ఉంది. బస్టాండు పక్కన హోటల్లో పెసరట్టు తిన్నాక మరిడమ్మ గుడి అరుగు మీద కూర్చున్నారు. ఎప్పట్లాగే ముందు ఆ ప్రశ్నే అడిగింది. నెలనెలా అదే అడిగేది.

"నా చోట్లో ఎవరు కూర్చుంటున్నారు నాన్నా?"

అప్పాజీ దీనికోసమే ఎదురుచూస్తున్నాడు. మొహం వెలిగిపోయింది.

"ఇంక ఎవరూ కూర్చోరమ్మా. మగ్గం తీసేశాను. గుంట కూడా పూడ్చేశాను. పైన చాప వేసుకుని చదువుకోవచ్చు."

దుర్గ తండ్రి మొహంలోకి చూసింది. సంతోషిస్తుందనుకున్నాడు.

"అయితే నేనింక అక్కడికి రావక్కర్లేదా నాన్నా?"

"అదేంటమ్మా?"

"మగ్గం లేదు కదా. నాతో నీకు పనేముంది?"

అప్పాజీ నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట ఒక్కటే. ఎదురుగా ఉన్న కన్నబిడ్డకి ఏ తండ్రయినా చెప్పగలిగే మాటే. అది ఆయన జన్మలో ఎవరికీ చెప్పలేదు. మగ్గం మీద పక్కన కూర్చుంటే చేతులు చెప్పేసేవనుకున్నాడు. ఇప్పుడు చేతులు రెండూ మోకాళ్ళ మీద ఊరికే పడి ఉన్నాయి. ఆ పిల్ల ఏడుస్తుంటే తల నిమిరాడు, కళ్ళు తుడిచాడు, జీళ్ళ పొట్లం చేతిలో పెట్టాడు. మాట మాత్రం రాలేదు. అంతలో నాలుగయింది. మాణిక్యాంబ వచ్చి అరుగు కింద నిలబడింది. పిల్ల లేచి తల్లి చెయ్యి పట్టుకుంది. ఈసారి వెనక్కి పరుగెత్తుకు రాలేదు.

పిఠాపురం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సామర్లకోట దాటింది. పక్కన చేలు వెళ్ళిపోతున్నాయి.

"నువ్వు కావాలమ్మా" అన్నాడు అప్పాజీ, పైకే.

పక్క సీటాయన ఇటు తిరిగాడు. "ఏంటండి?"

"ఏం లేదండి" అన్నాడు.